చెంచాకో నంబరు

మా ఆయన రైల్వే గేటు దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. బండి వచ్చేముందు గేటు వెయ్యడం, వెళ్ళాక తియ్యడం. చెప్పుకుంటే ఒక్క ముక్కలో అయిపోయే పని. వీధిలో అందరూ ఆయన్ని గేటాయన అనేవారు. రిటైరై ఈ ఇంటికి వచ్చాక కూడా ఆ పేరు పోలేదు, ఆ అలవాటూ పోలేదు. వీధి తలుపు వేసేముందు రెండు పక్కలా చూసేవారు. కుక్క ఏదైనా వస్తుంటే అది దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడేవారు.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆయన గురించి రాయమని మా అమ్మాయి కాగితాలు తెచ్చి పెట్టింది. ఏం రాయాలే అని అడిగితే, వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నావుగా, అదే రాయి అంది. వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పేది ఆయన ఎలా మింగేవారన్నదే.

రిటైరైన ఎనిమిదో ఏడు ఆయనకి చిన్నపాటి పక్షవాతం వచ్చింది. చెయ్యి నెల తిరక్కుండా సర్దుకుంది, మూతి మాత్రం కాస్త ఎడమకి వాలి ఉండిపోయింది. గండం గడిచిందనుకున్నాం. అప్పటినుంచి మంచినీళ్ళు తాగినా, జావ తాగినా పొలమారడం మొదలైంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటాం కదా. నేనూ నెత్తిమీద తట్టి అదే అనేదాన్ని. మొదటి వారం ఆయన అక్కగారు తలుచుకుంటున్నారనుకున్నాం. రెండో వారం పాత స్టేషను మాస్టరుగారనుకున్నాం. పూటకి నాలుగుసార్లు, రోజుకి మూడు పూటలు. ఇంత తీరిగ్గా కూర్చుని తలుచుకునేది ఎవరని నాకు మెల్లగా అనుమానం పట్టుకుంది. గేటు దగ్గరికి రోజూ సైకిలు మీద పాల క్యాన్లు వేసుకుని ఒకావిడ వచ్చేది. గేటు పడితే దిగి ఆయనతో మాట్లాడుతూ నిలబడేది. ఒక మధ్యాహ్నం అడిగేశాను.

“ఆవిడ బాగుందా?”

“ఎవరు?”

“ఈ పూట మిమ్మల్ని నాలుగుసార్లు తలుచుకున్నావిడ.”

జవాబు చెప్పబోయి ఆయనకి మళ్ళీ పొలమారింది. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారాయి. అది తప్పు ఒప్పుకోవడం కింద లెక్కేసి నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయిందని తరవాత తెలిసింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ అనుమానంతో నేను రెండు నెలలు పోగొట్టాను. ఆ రెండు నెలల్లో ఆయనకి రెండుసార్లు నిమ్ము చేసింది, రెండుసార్లు ఆసుపత్రిలో పడుకోబెట్టాం. తినేది కొంచెం, తాగేది కొంచెం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతోందని డాక్టరుగారు ఫిల్ము చూపించి చెప్పారు. నలభై రోజులు గడువిచ్చారు. ఈలోపు మళ్ళీ జ్వరం వచ్చినా, బరువు ఇంకా తగ్గినా, ముక్కులోంచి కడుపులోకి ట్యూబు వేసి దాంట్లో పోయడం తప్ప దారి లేదన్నారు. నలభయ్యో రోజున ఎక్స్‌రే కింద కూర్చోబెట్టి మింగించి చూస్తామన్నారు.

మా ఆయన అంతా విని, “ముక్కుతో తినడానికి నేనేమన్నా ఏనుగునా డాక్టరుగారూ?” అన్నారు. నవ్వుతూ అనలేదు. పక్క మంచం మీద అలాంటి ట్యూబుతో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన మూడుసార్లు పీక్కుంటే చేతులకి గుడ్డ సంచులు కట్టారు. వార్డులో ఉన్నంతసేపూ మా ఆయన ఆ సంచుల వంకే చూశారు. ఇంటికి వచ్చాక నాతో ఒకే మాట అన్నారు, “నాకు అది వద్దే.” మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను అడిగినవి చాలా తక్కువ. కాబట్టి ఆ నలభై రోజులూ నాకు వేరే పని లేదు.

ఆసుపత్రిలో మింగడం నేర్పించే ఒక అమ్మాయి ఉండేది. మేం గొంతు టీచరు అనేవాళ్ళం. చిన్నపిల్ల, కానీ గొంతు మీద చెయ్యి వేసిందంటే పెద్ద పెద్దవాళ్ళు నోరు మూసుకునేవారు. మొదటి రోజు హాల్లో కూర్చున్న ముసలివాళ్ళని, వాళ్ళతో వచ్చినవాళ్ళని అందర్నీ మూడు ప్రశ్నలు అడిగింది. నీళ్ళు తాగితే దగ్గు వచ్చేవాళ్ళు చెయ్యెత్తండి అంది. ఎవరూ ఎత్తలేదు. మాత్ర మింగడానికి భయపడేవాళ్ళు అంది. ఒక చెయ్యి లేచింది. నలుగురిలో తినడం మానేసినవాళ్ళు అనేసరికి సగం హాలు చేతులెత్తింది. అప్పుడు చెప్పింది, పక్షవాతం వచ్చినవాళ్ళలో సగానికి సగం మందికి మొదట్లో ఈ ఇబ్బంది ఉంటుందట. వణుకుడు జబ్బు వాళ్ళకి, మతిమరుపు జబ్బు వాళ్ళకి కూడా అంతేనట. ఏ జబ్బూ లేకుండా ఇంట్లో తిరిగే పెద్దవాళ్ళలో కూడా ఆరేడుగురిలో ఒకరికి ఎంతో కొంత ఉంటుందట. వయసు మీద పడితే ఇంతేలే అనుకుని ఎవరూ పైకి చెప్పరట. నేనైతే వయసు కూడా అనుకోలేదు, పాలావిడ అనుకున్నాను. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు.

తరవాత మమ్మల్ని గదిలోకి పిలిచి బొమ్మ చూపించింది. గొంతులో రెండు దారులున్నాయి, ఒకటి గాలికి, ఒకటి తిండికి, మింగేటప్పుడు గాలిదారి మీద మూత పడాలి, మీకు అది ఆలస్యంగా పడుతోంది అంది. అప్పటిదాకా గోడకి చేరగిలబడి ఉన్న మా ఆయన నిటారుగా కూర్చున్నారు.

“అంటే బండి వచ్చాక గేటు పడుతోంది.”

“అలాగే అనుకోండి పెద్దాయనా.”

“అది చాలా ప్రమాదం. అక్కడ డ్యూటీలో ఎవరున్నారు?”

“మీరే” అంది ఆ అమ్మాయి.

అంతే, ఆయన మళ్ళీ ఉద్యోగంలో చేరిపోయారు.

ఆ అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది. చిన్న చెంచాతో తీసుకోవాలి. గడ్డం కిందికి దించాలి, ఊపిరి బిగబట్టాలి, మింగాలి, వెంటనే చిన్నగా దగ్గి ఊపిరి వదలాలి. నీళ్ళలో ఒక పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వాలి. ఇది మీ గొంతు చూసి మీకు చెబుతున్నది, ఇదే ఇంకొకరికి చెప్పకండి అని కూడా అంది. పొడి కలిపిన నీళ్ళని మా ఆయన పోస్టర్లు అంటించే జిగురు అనేవారు. కానీ పద్ధతి మాత్రం తు చ తప్పకుండా పాటించారు. అక్కడే ముప్పు వచ్చింది.

ఇంటికి వచ్చిన మొదటి పూట బంగాళాదుంప ఉడికించి మెత్తగా మెదిపి పెట్టాను. చెంచా నోట్లో పెట్టుకున్నారు, గడ్డం దించారు, ఊపిరి బిగబట్టారు, మింగారు. ఊపిరి మాత్రం వదల్లేదు. ఎదురుగా గోడ వంక చూస్తూ అలాగే కూర్చున్నారు. మొహం వంకాయ రంగుకి తిరిగింది. మా అమ్మాయి వీపు మీద ఒక్కటి చరిస్తే అప్పుడు వదిలారు. రెండో చెంచాకీ అంతే. ఎందుకు బిగబట్టారండీ అంటే, “తోక బండి కనపడలేదు” అన్నారు.

సంగతేమిటంటే, బండి చివరి పెట్టె వెనక ఒక గుర్తు ఉంటుంది. అది కళ్ళారా చూస్తేగానీ గేటు తియ్యకూడదు. మధ్యలో పెట్టెలు తెగి వెనక ఉండిపోవచ్చు కదా. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఆ గుర్తు చూడకుండా ఒక్కసారీ గేటు తియ్యలేదు. ఇప్పుడు తన గొంతులోంచి బంగాళాదుంప పూర్తిగా దాటిందని చూసి చెప్పేదెవరు? గొంతు టీచరుకి ఫోను చేస్తే ముందు నవ్వింది. మీరు ఆయన కంఠం మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచండమ్మా, మింగినప్పుడు గుడ్డు లాంటిది పైకి లేచి దిగుతుంది, దిగగానే దాటింది అని చెప్పండి అంది.

ఆ పూట నుంచి నా రెండు వేళ్ళు ఆయన గొంతు మీద. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. గరుకుగా, వెచ్చగా ఉంటుంది. మింగబోయే ముందు ఒక క్షణం ఆగుతుంది, తరవాత లేస్తుంది. నేను దాటింది అనేదాన్ని. ఆయన దగ్గి, ఊపిరి వదిలేవారు.

అక్కడితో ఊరుకుంటే గేటాయన ఎందుకవుతారు? మూడో రోజు ఇంకో పేచీ పెట్టారు. బండి వస్తోందని స్టేషను మాస్టరు ఫోను చేస్తే గేటు వేసి, వేసినట్టు ఇద్దరూ చెరో రహస్య నంబరు చెప్పుకునేవారట. అవి పుస్తకంలో రాసుకున్నాకే బండి కదులుతుంది. నంబరు లేనిదే బండి లేదు. కాబట్టి చెంచాకో నంబరు కావాలన్నారు. స్టేషను మాస్టరు ఎవరండీ అంటే, నువ్వేగా అన్నారు. నేను ఒకటి అన్నాను. బాగానే ఉందన్నారు. తరవాతి చెంచాకి రెండు అన్నాను. చెంచా కింద పెట్టేశారు.

“వరసగా చెప్తే అది రహస్యం ఎలా అవుతుందే? దొంగ కూడా చెప్తాడు.”

ఆయన గొంతులో బంగాళాదుంపని దొంగిలించేవాడెవడో నాకు అర్థం కాలేదు గానీ, వాదించే ఓపిక లేదు. రెండంకెల నంబర్లే ఉండాలి, వరసలో ఉండకూడదు, ఒకసారి చెప్పింది ఆ రోజుకి మళ్ళీ చెప్పకూడదు. పూటకి పాతిక చెంచాలు. నాకు వంద దాకా అంకెలే సరిగ్గా రావు. పాత క్యాలెండరు వెనక నంబర్లు రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకునేదాన్ని. వంట చేస్తూ నంబర్లు వెతుక్కునేదాన్ని. బస్సు మీద కనపడినవి, చెప్పుల సైజులు, అక్కయ్య ఇంటి నంబరు. ఆయన నోట్లో చెంచా ఉంటుంది కాబట్టి తన నంబరు వేళ్ళతో చూపించేవారు. నేను నంబరు చెప్పడం, ఆయన వేళ్ళు చూపడం, గడ్డం దించడం, మింగడం, దాటింది అనడం. కప్పు జావ తాగడానికి ముప్పావుగంట పట్టేది. ఒక్క చుక్క పొలమారేది కాదు. బయటివాళ్ళెవరైనా వస్తే మా అమ్మాయి తలుపు వేసేది.

పదిహేను రోజులకి బరువు తగ్గడం ఆగింది. ఆయనకి ధైర్యం వచ్చింది, వీధి మీద పడ్డారు. గేటు మూశాక కిందనుంచి ఎవరు దూరిపోతున్నారో పట్టుకోవడం ఆయనకి కొట్టిన పిండి కదా. ఎదురింటి టైలరుగారు రెండేళ్ళుగా బ్రెడ్డు టీలో ముంచితేగానీ తినడం లేదని కనిపెట్టారు. రుచి కోసం బావా అని టైలరుగారు దబాయించారు. రుచి కోసమైతే కళ్ళు మూసుకుని ఎందుకు మింగుతున్నావని ఈయన అడిగారు. మా పై వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మగారు ఎవరింట్లోనూ ఏదీ ముట్టరు. పొగరనుకునేవాళ్ళం. ఈయన మెట్ల మీద కూర్చుని ఆవిడ భోజనానికి గంటన్నర పడుతోందని లెక్క తేల్చారు. ఇద్దర్నీ గొంతు టీచరు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. టైలరుగారిది నిజంగానే గొంతు. టీచరమ్మగారికి గొంతు బాగానే ఉంది, కట్టుడు పళ్ళే వదులు. పళ్ళు బిగించాక కూడా ఆవిడ మాతోనే తింటానన్నారు. ఒక్కదాన్నే తిని తిని విసుగొచ్చింది వదినా అన్నారు.

అలా మధ్యాహ్నం ఒంటిగంటకి మా బల్ల చుట్టూ ముగ్గురు. మా ఆయన సిగ్నలిస్తేగానీ చెంచా కదలకూడదు. టైలరుగారు చెంచా పైకెత్తి పట్టుకుని, చెయ్యి లాగుతోంది బావా, లైను ఇవ్వు అని బతిమాలేవారు.

“టీచరమ్మగారిది ఎక్స్‌ప్రెస్. నీది గూడ్సు. పక్క లైన్లో ఉండు.”

“గూడ్సులో ఉన్నది గుడ్డు బావా. చల్లారిపోతోంది.”

మింగేటప్పుడు నవ్వకూడదని గొంతు టీచరు ఖచ్చితంగా చెప్పింది. అందుకని ముగ్గురూ నవ్వాపుకుని, గడ్డాలు దించుకుని, ఏదో తప్పు చేసినవాళ్ళలా తినేవారు. కిటికీలోంచి చూసినవాళ్ళు ఈ ఇంట్లో ఏదో జరిగిందని అనుకునేవారు.

ముప్ఫై రెండో రోజున ఒక పొరపాటు జరిగింది. మధ్యాహ్నం నేను కాసేపు నడుం వాల్చి లేచేసరికి వంటింట్లో గ్లాసు బోర్లించి ఉంది. సాయంత్రం బల్ల మీద నా పేరు లేకుండా ఒక కాగితం పెట్టి, తను వెళ్ళి గుమ్మం బయట కూర్చున్నారు. ఆయన చేతిరాత నాకు అంతుపట్టదు, మా అమ్మాయి చదివింది.

“స్టేషను మాస్టరుగారికి. ఈ రోజు మూడు గంటలకి నంబరు తీసుకోకుండా, గేటు వెయ్యకుండా ఒక గ్లాసు మామూలు నీళ్ళు పంపించాను. తప్పు నాదే. దాహం వేసింది. ఎప్పటి దాహమో. ఈ రాత్రి భోజనం వరకు నన్ను సస్పెండు చెయ్యగలరు.”

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి, సస్పెండు చెయ్యడం లేదు, లోపలికి రండి అన్నాను. తిట్టాలని మాత్రం చాలా ఉంది. మూడు రోజులు పూటకోసారి ఆయన ఒంటి మీద చెయ్యి వేసి చూశాను. ఫ్యాను కింద కూర్చుంటే చల్లగా ఉన్నా నాకు వేడిగానే తోచేది. ఏ జ్వరం రాలేదు.

నలభయ్యో రోజు ఆసుపత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే గదిలోకి ఆయన్ని ఒక్కరినే తీసుకెళ్ళారు. తెల్లటి సున్నం లాంటిది చెంచాతో నోట్లో పెట్టారట. అయిదు నిమిషాలకి మిషను అబ్బాయి చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. పెద్దాయన నోట్లో పెట్టుకుని మింగడం లేదమ్మా, నాకు మూడు వేళ్ళూ ఏడు వేళ్ళూ చూపిస్తున్నారు అన్నాడు. నంబరు చెప్పాలి బాబూ అన్నాను. ఏ నంబరు? ఏదో ఒకటి. వాడు లోపలికి వెళ్ళి పది అని అరవడం నాకు వినపడింది. తరవాత డాక్టరుగారు ఇరవై అనడం వినపడింది. మళ్ళీ వాడే వచ్చాడు. మీరు చెబితేనే అట, మాకు అధికారం లేదట అన్నాడు.

ఎక్స్‌రే తగలకుండా నాకు సీసం కోటు తొడిగారు. ఆ కోటు బరువుకి మోకాళ్ళు వంగాయి. గొంతు టీచరు కూడా వచ్చి నిలబడింది. మా ఆయన బుగ్గలు ఉబ్బించుకుని, పెదాల అంచున తెల్లగా కారుతూ, నా వంక కోపంగా చూస్తున్నారు, బండి ఇంతసేపు ఆపుతావా అన్నట్టు. కంగారులో నూట నాలుగు అన్నాను. తల అడ్డంగా ఊపారు. మూడంకెలు చెల్లవు. నలభై ఒకటి అన్నాను. అడ్డంగా ఊపారు. ఉదయం జావకి చెప్పేసినదే. డాక్టరుగారు గడియారం చూసుకుని, ఎవరైనా ఆ నంబర్లు కాగితం మీద రాయండి అన్నారు. ఆ గదిలో రోగి ఎవరో నాకు తెలియలేదు.

నేను ఆ నలభై రోజుల్లో ఎప్పుడూ వాడని నంబరు ఒకటుంది. కావాలనే దాటేసేదాన్ని. అది ఆయన వయసు. చెప్తే ఏమవుతుందో అని భయం. మిగిలినవేవీ బుర్రలోకి రాలేదు.

“అరవై ఎనిమిది” అన్నాను.

ఆయన వేళ్ళతో తన నంబరు చూపించి, గడ్డం దించారు. గొంతు మీద చెయ్యి వెయ్యబోతే మిషను అబ్బాయి వద్దన్నాడు, బొమ్మలో వేళ్ళు పడతాయట. దాటిందని ఎలా చెప్పను? గొంతు టీచరు నా భుజం పట్టుకుని పక్కనున్న తెర వైపు తిప్పింది. బూడిద రంగులో ఆయన దవడ ఎముక, మెడ ఎముకలు. నాలుక మీద ఆ తెల్లటి ముద్దే తెర మీద నల్లగా కదిలింది. చిన్న ఆకంత మూత వాలి గాలిదారి మీద పడింది. ముద్ద దాని పక్కనుంచి జారి వెళ్ళిపోయింది, ఒక్క ముక్క కూడా వెనక మిగలకుండా. ఇన్నాళ్ళూ వేళ్ళతో ఊహించుకున్నది మొదటిసారి కళ్ళతో చూశాను.

“దాటింది” అన్నాను. ఆయన దగ్గారు.

చిక్కటివి రెండు, పల్చటి నీళ్ళు రెండు, ఇంకో నాలుగు నంబర్లు పట్టాయి. నీళ్ళు కొంచెం మూత అంచున ఆగితే ఆయనే దగ్గి బయటికి పంపించారు. డాక్టరుగారు తెర మీద మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారు. నీళ్ళు చిక్కగానే ఇవ్వండి, మిగతావి ఇలాగే తిననివ్వండి, ట్యూబు అక్కర్లేదు అన్నారు. మా ఆయన మూతి తుడుచుకుని, అది కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. డాక్టరుగారు నోటితోనే అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టారు.

ఆ తరవాత ఆయన పద్నాలుగు నెలలు నోటితోనే తిన్నారు. టైలరుగారు, టీచరమ్మగారు రోజూ వచ్చేవారు. కిందటి నెల ఒక ఉదయం తొమ్మిదిన్నరకి గుడ్డు, పాలు కలిపి మెత్తగా చేసి ఇచ్చాను. పదకొండు చెంచాలు తిన్నారు. పన్నెండోదానికి నేను నంబరు చెబితే చాలే అన్నారు. కుర్చీలో వెనక్కి వాలారు. గుండె అని చెప్పారు డాక్టరుగారు, గొంతు కాదు. గొంతు టీచరు ఇంటికి వచ్చి చూసి, నోట్లో ఏమీ మిగల్లేదమ్మా, అంతా దిగింది అంది. ముక్కు మీద పట్టీ అంటించిన గుర్తు లేదు, చేతులకి సంచుల తాళ్ళ గుర్తు లేదు. మొహం మామూలుగా ఉంది, మూతి ఎడమకి వాలి.

గిన్నెలో ఇంకా సగం ఉంది. అందరూ వెళ్ళాక కూర్చుని అది నేను తినేశాను. పారబొయ్యబుద్ధి కాలేదు.